ఓడిన జట్టు, దాని గురువు



నేడు నేను కాలిబంతి ఆటను గూర్చి, అనగా మన పిల్లలు ఫుట్‌బాలు అని పిలుచు ఆటను గూర్చి, నాలుగు మాటలు మనవి చేయదలచితిని. పల్లెలలోని పెద్దలకు ఈ ఆటతో ఏమి పని యని తాము అనుకొనవచ్చును. పని గలదు. ఆటలో ఓటమి కలిగినప్పుడు ఎవరిని నిందింపవలెను అను ప్రశ్న గలదు గదా, పంట చెడినప్పుడును, బడిలో పిల్లలు తప్పినప్పుడును, ఊరి చెరువుకట్ట తెగినప్పుడును మనకు కలుగు ప్రశ్న అదియే. కావున బంతిని ఎన్నడును తాకని వారు కూడ ఈ కథను వినదగును.

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీ సాయంకాలము గోవాలోని మడ్గాంవ్ పట్టణమున మన భారత జట్టు సింగపూరు జట్టుతో ఆడి 2-1 గోలుల తేడాతో ఓడిపోయెను. ఆ ఓటమితో 2027లో జరుగవలసిన ఆసియా కప్పు పోటీలకు మన దారి మూసికొనిపోయెను. నేను నా మనుమనితో కలిసి ఆ ఆటను టెలివిజనులో చూచుచుంటిని. ఆట ముగిసినంతనే వాడు లేచి, "తాతా, ఈ కోచిని రేపే తీసివేయవలెను" అనెను. కోచి యనగా జట్టునకు ఆట నేర్పు శిక్షకుడు. గీతకు వెలుపల నిలిచి, లోపల ఆడుచున్న పదునొకండుగురికి బాధ్యుడైనవాడు. ఆ శిక్షకుడు పదవికి వచ్చి అప్పటికి రెండున్నర నెలలే అయినది. ఆ సంగతి నేను చెప్పగా వాడు, "అయిన నేమి? ఓడినాడు గదా!" అనెను.

వానిని మందలింపబోయి ఆగిపోతిని. ఏలయన, వాని నోట వెడలిన మాట యేబదియేండ్ల క్రిందట నా నోట వెడలిన మాటయే.

1974లో నాకు ఇరువది మూడేండ్లు. మా తాలూకా పట్టణమున ఒక కాలిబంతి జట్టు ఉండెడిది. దానికి ఆట నేర్పువారు ఒక పాఠశాలలోని డ్రిల్లు మాస్టారు. ఆ యేడు జిల్లా పోటీలలో మా జట్టు ఏడు గోలులతో చిత్తుగా ఓడినది. మేము ఒక్క గోలును చేయజాలకపోతిమి. ఇరువదిమైళ్లు లారీలో నిలుచుండి వెళ్లి చూచిన వారము మేము. మా కోపమునకు మేర లేకపోయెను. "ముసలి పద్ధతులు, పిల్లలను పెట్టి పెద్దలను కూర్చుండబెట్టినాడు, బంతిని ముందుకు తన్నుమనక ప్రక్కకు తన్నుమన్నాడు" అని యెవరికి తోచినది వారు అనిరి. ఆ రాత్రియే ఒక అర్జీ వ్రాసితిమి. వ్రాత నాది. దాని క్రింద నలుబది ఇద్దరు సంతకములు చేసిరి. మాస్టారును తొలగింపవలెనని అర్జీ. తొలగించిరి.

ఆయన ఒక్క మాటయు అనలేదు. బంతులు ఉంచు గది తాళపుచెవిని, గాలి కొట్టు పంపును, ఒక నోటుపుస్తకమును తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయిరి. ఆ పుస్తకమును నేను నాడు తెరువలేదు. దానిని గూర్చి చివర మనవి చేసెదను. ముందుగా మన దేశపు కాలిబంతి చరిత్రలో, మన హైదరాబాదు నగరముననే నడచిన ఒక గొప్ప శిక్షకుని కథ చెప్పవలెను. అది వినిననే గాని మేము చేసిన పని మంచిదో చెడ్డదో తేలదు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. జనులు రహీం సాబ్ అని పిలిచెడివారు. 1909లో హైదరాబాదున జన్మించిరి. వృత్తిచేత బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్లనున్న పాఠశాలలలో పనిచేసిరి. యౌవనమున తానును ఆడెను గాని, ఆయన కీర్తి యెల్ల ఆడించుటవలన వచ్చినదే. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగానుండి, తరువాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ పోలీసు జట్టు బొంబాయిలో జరుగుచుండిన రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలిచినది. 1950లో డ్యూరాండ్ కప్పును గెలిచినది. కలకత్తా జట్లే ఆటకు యజమానులనుకొనుచున్న దినములవి. పోలీసు కొలువున నున్న మన కుఱ్ఱవాండ్రు వెళ్లి వారి యెదుట నిలిచిరి.

ఇది యెట్లు సాధ్యమయ్యెను? ఆయన పంతులు గనుక ఆటను పాఠమువలె భాగములుగా విడదీసి నేర్పెను. మన బాలురకు బంతి దొరకిన చాలు, దానిని కాలివద్ద నుంచుకొని నలుగురిని తప్పించి నడుపవలెనని సరదా. చూచువారికి వేడుక, జట్టునకు నష్టము. అందుచేత రహీంగారు బంతిని అట్లు నడుపరాదను నియమముతో వేరుగా పోటీలు పెట్టించిరి. వచ్చిన బంతిని వెంటనే తోటివానికి అందింపవలెను. మరియొకటి: ప్రతివానికిని ఒక కాలు బలము, ఒక కాలు బలహీనము గదా, బలహీనమైన కాలితోనే తన్నవలెనను నియమముతో వేరొక పోటీ పెట్టించిరి. అక్షరములు దిద్దించునట్లే ఎడమకాలికి బంతిని దిద్దించెనని చెప్పవచ్చును. ఇవి గెలుపు కొరకు ఆడు ఆటలు కావు. గెలుపు వచ్చుటకు పదియేండ్ల ముందు వేయు విత్తనములు.

సికింద్రాబాదునకు చేరువనున్న అమ్ముగూడయను ఊర తులసీదాస్ బలరాం అను పేద బాలుడుండెను. వాని యాట రహీంగారి కంట పడెను. నగరమునకు వచ్చి సాధన చేయుమనగా, అంత దూరము వచ్చుటకు తనకు సాధనము లేదని బాలుడు చెప్పెను. అంతట గురువు అద్దె సైకిలునకు కావలసిన పైకమును తానే యిచ్చి రప్పించుకొనెను. ఈ సంగతిని బలరాం ముదిమిలో కూడ తలచుకొని చెప్పుచుండెడివారు. ఆ బాలుడు ఏమయ్యెనో మీరే వినెదరు.

1951లో ఢిల్లీయందు మొదటి ఆసియా క్రీడలు జరిగెను. రహీంగారు దేశపు జట్టునకు శిక్షకులు. కడపటి ఆటలో ఇరాను జట్టును 1-0తో గెలిచి మనవారు స్వర్ణపతకము నందుకొనిరి. ఆ గోలు చేసినవాడు మేవాలాల్. దేశమంతట జేజేలు. శిక్షకుని వంటివాడు లేడనిరి.

మరుసటి యేడు 1952లో ఫిన్లండు దేశపు రాజధాని హెల్సింకిలో ఒలింపిక్ క్రీడలు జరిగెను. జూలై 15న మనవారు యుగోస్లావియా జట్టుతో ఆడిరి. పది గోలులు పడినవి. మనము చేసినది ఒక్కటి. అదియు ఆట ముగియబోవు వేళ అహమ్మద్ ఖాన్ చేసినది. 10-1. నాడు మనవారిలో పెక్కురు బూట్లు లేక వట్టికాళ్లతో ఆడిరి. మన యెండకు కాగిన నేలపై వట్టికాలు బంతిని చక్కగా పట్టును; ఆ చలిదేశపు నేలపై పట్టలేదు. మన దేశమున ఆటలు తొంబది నిమిషముల కంటె తక్కువ కాలమే సాగుట నాటి వాడుక. కావున నిండు ఆటకు చాలిన ఊపిరి లేదు. మన జట్టు ఇద్దరు వెనుకకాపులతో ఆడు పాతపద్ధతిని పట్టుకొనియుండెను. ఎదిరివారు ఆ ఇద్దరి నడుమ సందులలోనుండి నీటివలె పారిరి.

పెద్దలారా, ఇచట కొంచెము ఆగి యోచింపుడు. ఆ జట్టునకు శిక్షకుడు రహీంగారే. మా డ్రిల్లు మాస్టారు ఏడు గోలులకు బాధ్యుడు, రహీంగారు పదింటికి. మావంటి నలుబది ఇద్దరు నాడు హెల్సింకి గీతకడ ఉండియుండినచో అర్జీ వ్రాయక విడిచియుందుమా? అర్జీలో వ్రాయుటకు కావలసినన్ని తప్పులు ఉండెను. అవి నిజమైన తప్పులే. అభిమాని కోపమంతయు అజ్ఞానమని నేననను. చెమటోడ్చి సంపాదించిన దానిలో కొంత వెచ్చించి, పనులు మాని, తన జట్టును చూడ వచ్చినవానికి ప్రశ్నించు హక్కు గలదు. కాని తప్పు కనుగొనుట ఒక పని. ఆ తప్పును దిద్దువాడెవడో కనుగొనుట వేరొక పని. మొదటిదానికి కోపము చాలును. రెండవదానికి చాలదు.

రహీంగారు ఆ పది గోలులను మరువలేదు. సాకులు వెదుకలేదు. చలి యని, దూరమని, దైవమని అనుటకు వీలుండియు ఆయన పద్ధతినే మార్చెను. సమాఖ్యవారు బూట్లు తొడుగుటను తప్పనిసరి చేసిరి. ఇద్దరు కాపుల పద్ధతి పోయి ముగ్గురు కాపుల పద్ధతి వచ్చెను. నాడు ఐరోపాలో పేరుపొందిన హంగేరీవారి యాటనుండి ఆయన పాఠము తీసికొనెను: నడుమనుండు ఫార్వర్డు గోలుముందర కాచుకొనియుండక వెనుకకు దిగివచ్చి బంతినందుకొని ఇతరులకు పంచుట. ఎదిరి కాపు వాని వెంట రావలెనా, తన చోట నిలువవలెనా యని తికమకపడును. ఆ సందులో వేరొకడు చొచ్చుకొనిపోవును. పొరుగూరివాడు నాటు వేసిన తీరు బాగున్నదని చూచి, మన నేలకు తగినట్లు మార్చుకొని వేసికొను రైతువలె ఆయన చేసెను.

పెద్దలు కూడ ఒక మేలు చేసిరి. 10-1 అను మచ్చ ఉండగనే ఆయనను మరల పిలిచిరి. 1956లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు ఆయనయే శిక్షకుడు. హంగేరీ జట్టు రాకపోవుటచే మనకు మొదటి ఆట తప్పినది. డిసెంబరు 1న ఆస్ట్రేలియా జట్టును వారి గడ్డమీదనే 4-2తో గెలిచిరి. అందులో మూడు గోలులు నెవిల్ డిసౌజా చేసినవి. దానితో మనవారు సెమీఫైనలు చేరిరి. ఒలింపిక్ కాలిబంతిలో ఆసియాఖండపు జట్టేదియు అంతకుముందు అంతదూరము పోలేదు. సెమీఫైనలులో యెదుట నిలిచినది మరల యుగోస్లావియాయే. మొదటి గోలు మనదే. తరువాత వారు నాలుగు చేసి 4-1తో గెలిచిరి. కంచుపతకము కొరకు జరిగిన ఆటలో బల్గేరియా చేత 3-0తో ఓడి మనవారు నాలుగవ స్థానమున నిలిచిరి. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ మొదలగు హైదరాబాదు ఆటగాండ్రుండిరి. అద్దె సైకిలుపై వచ్చిన బలరాం కూడ వారిలో నుండెను.

అదే కాలమున హైదరాబాదు జట్టు రాష్ట్రముల మధ్య జరుగు సంతోష్ ట్రోఫీని 1956-57లోను 1957-58లోను వరుసగా గెలిచినది. ఒక బడిపంతులు పెంచిన నారుమడి నగరమునకును దేశమునకును మొలకలిచ్చుచుండెను.

1960లో రోము ఒలింపిక్ క్రీడలు. మన జట్టు హంగేరీ చేత 2-1తో ఓడినది. ఫ్రాన్సుతో 1-1 సమముగా నిలిచినది. పెరూ చేత 3-1తో ఓడినది. ఒక్క గెలుపును లేదు. పట్టికను మాత్రము చూచువాడు దీనిని విఫలమనును. కాని ఆ హంగేరీ జట్టు ఆ క్రీడలలో కంచుపతకము గెలిచినది. అట్టి జట్టును మనవారు ఒక్క గోలు తేడాలో నిలిపిరి. ఎనిమిదియేండ్ల క్రిందట తొమ్మిది గోలుల తేడా. హంగేరీపైనను పెరూపైనను మన గోలు చేసినవాడు బలరాం.

ఇక 1962. ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేత 2-0తో ఓడిరి. తరువాత థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను గెలిచిరి. ఈ నడుమ జర్నైల్ సింగ్ అను మన వెనుకకాపునకు తలకు గట్టి దెబ్బ తగిలి కుట్లు పడినవి. కాపువాడు తలతో బంతిని కొట్టి పంపుచు నుండవలెను. కుట్లుపడిన తలతో ఆ చోట నిలుపుట ప్రమాదము. అట్లని వానివంటి బలశాలిని కూర్చుండబెట్టుటకును మనసొప్పదు. రహీంగారు వానిని ముందువరుసలో ఫార్వర్డుగా నిలిపెను. గోడకాపలావానిని తెచ్చి దండు ముందర నడిపించినట్లున్నది గదా! సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3-2తో గెలిచినప్పుడు ఆ జర్నైల్ ఒక గోలు చేసెను.

సెప్టెంబరు 4న కడపటి ఆట. ఎదిరివారు మొదట మనలను ఓడించిన దక్షిణ కొరియావారే. ఇజ్రాయెలు, తైవాను దేశములవారిని ఆ క్రీడలకు రానీయకపోవుటను మన దేశపు అధికారి యొకరు తప్పుపట్టియుండుటచే, ఆ నగర జనులకు మనవారిపై ఆగ్రహముండెను. వేలకొలది ప్రేక్షకులు మనకు విరోధముగా కేకలు వేయుచుండిరి. ఆ కోలాహలమున పదునేడవ నిమిషమున పి.కె. బెనర్జీ మొదటి గోలు చేసెను. మరి మూడు నిమిషములకు రెండవ గోలు పడెను. చేసినవాడు కుట్లుపడిన తలవాడైన జర్నైల్ సింగ్. కొరియావారు ఆట చివర ఒకటి చేసిరి. 2-1. స్వర్ణపతకము మనది.

ఆ విజయము వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీంగారు కాన్సరు వ్యాధితో పరలోకగతులైరి. వయస్సు యేబదిమూడు.

ఆ పిమ్మట ఏమి జరిగెను? ఎగువను తూము మూసిన వెంటనే కాలువ ఎండదు. దిగువను కొంతసేపు నీరు పారుచునే యుండును. 1964లో ఆసియా కప్పులో మన జట్టు రెండవ స్థానము పొందెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచెను. 1970లో బాంకాకు ఆసియా క్రీడలలో మనకు కంచుపతకము వచ్చెను. నాటి నాయకుడు హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీన్. ఆ తరువాత నేటివరకు ఆసియా క్రీడల కాలిబంతిలో పురుషులకు పతకము రాలేదు. 1960 రోము తరువాత ఒలింపిక్ క్రీడలలో మన జట్టు ఆడనేలేదు.

శిక్షకులు లేకపోలేదు. స్వదేశీయులు వచ్చిరి, ఇంగ్లండునుండి, ఇతర దేశములనుండి వచ్చిరి. రహీంగారి శిష్యులలో పి.కె. బెనర్జీవంటి వారు తామును గొప్ప శిక్షకులైరి. అందరును అసమర్థులని అనుటకు వీలులేదు. కాని పై జట్టునకు ఒక శిక్షకుని తెచ్చుట వేరు. ఆ జట్టు పుట్టుచోట నారుమడి పెంచుట వేరు. మొదటిది చేసితిమి, మరల మరల చేసితిమి. 2024 జూన్ మొదలు 2025 ఆగస్టు వరకు గల పదునాలుగు నెలలలో మన జాతీయజట్టు ముగ్గురు శిక్షకులను చూచినది. వారి పేర్లు చెప్పి యెవరినో తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. ఒక పొలమును ఏటేట ఒక కౌలుదారునకు మార్చి యిచ్చినచో ఎవడు దానికి పెంట తోలించును? ఎవడు గట్లు వేయించును? చేతికి వచ్చు పంటకే గదా వాడు చూచుకొనును!

అట్లని శిక్షకుడు ఎంతకాలమైనను ఉండవచ్చుననియు, వానిని అడుగువాడుండరాదనియు నేను చెప్పుటలేదు. నారుమడి లేని తప్పును చూపి తన చేతకానితనమును దాచుకొనువారును ఉందురు. వానిని ఎట్లు కనిపెట్టవలెను? రహీంగారి చరిత్రనుండియే నాకు మూడు కొలతలు దొరకినవి.

మొదటిది: ఓడిన తరువాత శిక్షకుడు ఏమి మార్చుకొనెను? పదిగోలుల ఓటమి కంటె, దాని తరువాత ఏమియు మారని రెండుగోలుల ఓటమి చెడ్డది. రెండవది: వాని చేతికి వచ్చినప్పటి ఆటగాడు, వాని చేతినుండి వెడలునప్పటి ఆటగాడు, ఈ ఇద్దరిలో భేదమున్నదా? బలరాం అమ్ముగూడనుండి రోము వరకు నడచెను. ఆ దారి పొడవే గురువునకు యోగ్యతాపత్రము. మూడవది: నేటి పోటీలో ఆడని చిన్నవారిని గూర్చి వాడు ఎంత శ్రమపడుచున్నాడు? ఈ మూడింటికిని మంచి జవాబు రానిచో అర్జీ వ్రాయుడు; నేనును సంతకము చేసెదను. జవాబు వచ్చినచో ఏడు గోలులు పడినను ఓర్చుకొనుడు.

ఇక ఆ నోటుపుస్తకము మాట.

మాస్టారును తొలగించిన తరువాత మూడేండ్లలో మా జట్టునకు నలుగురు శిక్షకులు మారిరి. నాలుగవ యేట జట్టే లేదు. ఆడుటకు కుఱ్ఱవాండ్రు పదునొకండుగురు దొరకలేదు. గదిని వేరుపనికి తీసికొనదలచి ఖాళీ చేయుమనగా, సామాను సర్దుచుండ ఆ పుస్తకము నాకు మరల కనబడెను. అప్పుడు తెరచి చూచితిని.

ఒక్కొక్క పుటకు ఒక్కొక్క కుఱ్ఱవాని పేరు. వయస్సు, ఎత్తు, ఏ కాలు బలమైనది, పరుగునకు ఎంత సేపు ఆయాసపడక నిలుచును, ఇంటిలో భోజనమెట్లున్నది - అన్నియు వ్రాసియున్నవి. ఒకనికి పాలు ఇప్పింపవలెనని, వేరొకని తండ్రితో మాటాడి పొలముపనినుండి రెండు గంటలు విడిపింపవలెనని, మరియొకనికి బూట్లు కొనుటకు జీతమునుండి ఇంత తీసియుంచవలెనని వ్రాసికొనియుండెను. కడపటి పుటలలో పదమూడు పదునాలుగేండ్ల బాలుర పేర్లు ఏడు గలవు. వాని క్రింద "రెండేండ్లకు సిద్ధము" అని యుండెను. జిల్లా పోటీలో పెద్దలను కూర్చుండబెట్టి పిల్లలను ఆడించెనని మేము నిందించితిమి గదా. ఆ పిల్లలు వీరే. వారిలో నలుగురిని ఓటమి రుచి చూపి గట్టిపరుపవలెననియే ఆయన ఆడించెను. బంతిని ప్రక్కకు తన్నుమనుట కూడ తోటివానికి అందించు పాఠమే.

నేను మరునాడు ఆయన యింటికి పోయితిని. అప్పటికే వేరు ఊరికి బదిలీ అయి వెళ్లిరి. తరువాత వెదకితిని గాని, పోయినారను వార్త నాకు అందెను. కావున చెప్పవలసిన మాట చెప్పవలసినవారికి చెప్పలేకపోతిని. ఆ యేడుగురిలో ఒకడు నేడు మా పట్టణమున ధాన్యపు బస్తాలు మోయించు దుకాణము నడుపుచున్నాడు. ఒకనాడు నేను పుస్తకమును వానికి చూపితిని. తన పేరున్న పుటను చాలసేపు చూచి, "ఇన్ని సంగతులు వ్రాసికొన్నారని మాకు తెలియదండీ" అని పుస్తకమును మూసి నా చేతికిచ్చెను. అంతకు మించి యేమియు అనలేదు. అనియుండిన బాగుండునని నాకు తోచినది.

ఈ సంగతినే నేను నా మనుమనికి చెప్పితిని. వాడు కొంతసేపు ఊరకుండి, "అయితే మనము ఓడినను ఊరకుండవలెనా తాతా?" అని యడిగెను. ఊరకుండనక్కరలేదని చెప్పితిని. కోపపడుము, ప్రశ్నింపుము. కాని ఆట ముగిసిన రాత్రి అర్జీ వ్రాయకుము. మరునాటి ఉదయము శిక్షకుడు మైదానమున పిల్లలతో ఏమి చేయుచున్నాడో వెళ్లి చూచిన పిమ్మట వ్రాయుము.

పెద్దలారా, మీ యూళ్లలో బడిప్రక్కన ఒక ఖాళీస్థలము ఉండవచ్చును. సాయంకాలమున ఒక పంతులో, ఒక కుఱ్ఱవాడో పదిమంది పిల్లలను చేర్చి బంతి తన్నించుచుండవచ్చును. దానివలన ఊరికేమి లాభమని యెవరైన మీ చావడికి ఫిర్యాదు తెచ్చినచో, తీర్పు చెప్పుటకు ముందు అమ్ముగూడ బాలునకు సైకిలు అద్దె యిచ్చిన బడిపంతులను ఒకసారి తలచుకొనుడు. స్థలమును ఆక్రమణకు విడువకుడు. ఆ పంతులకు ఒక బంతి కొనియిండు. జట్టు ఓడివచ్చిననాడు ఆయన యింటికి పోయి, వచ్చే యేటికి ఎవరిని సిద్ధపరచుచున్నారని అడుగుడు. జవాబు చెప్పుటకు ఆయన వద్ద ఒక నోటుపుస్తకమున్నచో, మీ ఊరి జట్టు మంచి చేతులలో నున్నదని నమ్మవచ్చును.